పాత మామిడితోపుల ఆనవాళ్లు: చెట్లు పోయిన నేలను చదివి, కొలిచి, నమోదు చేసే పద్ధతి

"ఇక్కడ మా తాతల నాడు పెద్ద తోపు ఉండేదట, ఇప్పుడు ఒక్క చెట్టూ లేదు. నిజంగా ఉండేదని ఎలా తేల్చాలి?" అని చాలామంది అడుగుతున్నారు. తవ్వకుండా, పెద్ద ఖర్చు లేకుండా, ఇద్దరు మనుషులు మూడు నాలుగు రోజుల్లో చేయగల పని ఇది. వరస తప్పితే మాత్రం చూసిందే మళ్లీ చూడాల్సి వస్తుంది. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇక్కడ వివరంగా ఇస్తున్నాం. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లోని మామిడితోపులను దృష్టిలో పెట్టుకుని రాసిన పద్ధతి ఇది. చింతతోపులకు చాలావరకు పనికొస్తుంది, తాటి, ఈత వనాలకు అంతగా పనికిరాదు.

## 1. వెతకాల్సింది చెట్టును కాదు, అమరికను

పొలంలో ఒంటరి ముసలి మామిడి కనిపించగానే తోపు ఉండేదని రాసేయడం అందరూ చేసే మొదటి పొరపాటు. టెంక పడి మొలిచిన చెట్టు గట్టు మీదా పెరుగుతుంది, పెంటకుప్ప దగ్గరా పెరుగుతుంది. తోపు అంటే మనిషి కొలిచి నాటినది, నీళ్లు పెట్టినది, కంచె కట్టినది. కాబట్టి నేల మీద వెతకాల్సిన సాక్ష్యాలు నాలుగు:

- నీరు: బావి, తొట్టి, కాలువ, బోదెలు
- హద్దు: గట్టు, కందకం, ముళ్ల కంచె
- వరస: చెట్ల మధ్య సమానమైన దూరం
- మట్టి: నాటినప్పుడు తీసిన గుంతల జాడ

వీటిలో కనీసం రెండు ఒకే చోట కలిసి, దానికి కాగితం సాక్ష్యమో ఊరివాళ్ల మాటో తోడైతేనే "తోపు" అని రాయండి. ఒక్కటే దొరికితే "అనుమానం" అని రాసి వదిలేయండి. తర్వాత ఎవరైనా మీ రాతను నమ్మాలంటే ఈ కట్టుబాటు తప్పనిసరి.

## 2. అనుమతి, చట్టం, జాగ్రత్తలు

పట్టా భూమి అయితే రైతును అడగండి. పోరంబోకు అయితే పంచాయతీకి చెప్పండి. వచ్చిన పని ఒక్క మాటలో చెప్పాలి: "పాత తోట ఆనవాళ్లు కొలుచుకుని రాసుకుంటాం, తవ్వం, ఏమీ తీసుకెళ్లం."

తవ్వొద్దు అని ఊరికే అనడం లేదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువైన వస్తువును కలెక్టరుకు తెలియజేయాలి. గుడి, కోట లాంటి రక్షిత కట్టడాల దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి పురావస్తు చట్టం, తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం, కేంద్ర రక్షణలో ఉన్నవాటికి 1958 చట్టం వర్తిస్తాయి. మెటల్ డిటెక్టర్ జోలికి అసలు పోవద్దు. అది చేతిలో కనిపిస్తే ఊరంతా గుప్తనిధుల కోసం వచ్చారనుకుంటుంది. మీరు వెళ్లాక నిజంగానే ఎవరో వచ్చి బావి ఒడ్డు తవ్వేస్తారు.

ఇంకో సున్నితమైన సంగతి ఉంది. పాత లెక్కల్లో "తోపు పోరంబోకు" అని ఉన్న నేల ఇవాళ ఎవరి సాగులోనో ఉండొచ్చు. మీరు తీసిన కాగితం తగాదాకు ఆయుధం కాకూడదు. సర్వే నంబరును మీ పుస్తకంలో రాసుకోండి, ఊళ్లో చదివి వినిపించకండి.

ఒంటరిగా వెళ్లొద్దు. పాడుబడ్డ బావుల చుట్టూ సర్కారు తుమ్మ, గడ్డి పెరిగి అంచు కనిపించదు. బారెడు కర్రతో నేలను తడుముతూ అడుగేయాలి. పెద్ద మామిళ్లలో తేనెపట్లు ఉంటాయి, కింద పొగ పెట్టకండి.

## 3. వెంట తీసుకెళ్లాల్సినవి

- 30 మీటర్ల టేపు, అడుగులు, మీటర్లు రెండూ ఉన్నది
- చెట్టు చుట్టుకొలతకు 5 మీటర్ల గుడ్డ టేపు
- 50 మీటర్ల నైలాన్ తాడు, 20 వెదురు పుల్లలు, వాటికి కట్టడానికి ఎర్ర గుడ్డపీలికలు
- దిక్సూచి (ఫోన్లోది సరిపోతుంది)
- గళ్ల కాగితాల పుస్తకం, పెన్సిలు (వేసవి చెమటకు పెన్ను సిరా అలుక్కుపోతుంది)
- ఫొటోలో కొలత కోసం 10 సెంటీమీటర్లకో రంగు వేసిన మీటరు కర్ర
- కొడవలి, టార్చి, నీళ్లు

డ్రోన్ ఉంటే మంచిదే, లేకపోయినా ఏ మెట్టూ ఆగదు.

## 4. మొదటి రోజు: పాత లెక్కలు

పొలంలో అడుగుపెట్టే ముందు కాగితాలు చూడండి. ఎక్కడ కొలవాలో అవే చెబుతాయి.

ఆంధ్ర జిల్లాల్లో చూడాల్సినవి: రీ సెటిల్‌మెంట్ రిజిస్టరు (ఆర్‌ఎస్‌ఆర్, కొన్నిచోట్ల డైగ్లాట్ అంటారు), ఫెయిర్ అడంగల్ (సర్వే నంబరు వారీ భూముల లెక్క), ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటాల పుస్తకం), గ్రామపటం. గుడికో, అగ్రహారానికో చెందిన నేల అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు కూడా అడగండి. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ విచారణల నుంచి వచ్చిన పుస్తకం అది. రిజిస్టర్లలో వర్గీకరణ గడి చూసి ఊరుకోకుండా రిమార్కుల గడి కూడా చదవండి. "తోపు", "బావి" లాంటి మాటలు తరచూ అక్కడే ఉంటాయి.

తెలంగాణలో సేత్వార్ (సర్వే నాటి మూల రిజిస్టరు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (భూమి, సాగు వివరాల పుస్తకం), టిప్పన్ (సర్వే కొలతల పటం) చూడండి. తరి అంటే మాగాణి, ఖుష్కి అంటే మెట్ట, బాగాత్ అంటే తోట భూమి. బాగాత్ అని కనిపించినంత మాత్రాన పండ్లతోట అనుకోకూడదు. బావి కింద కూరగాయలు, మిరప, పసుపు వేసిన నేల కూడా బాగాతే.

పాత కొలతలు గొలుసు లెక్కలో ఉంటాయి. ఒక గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, అంటే లింకు సుమారు 20 సెంటీమీటర్లు. ఎకరాకు 100 సెంట్లు లేదా 40 గుంటలు. సర్వే నంబర్లు మారిపోయి ఉంటాయి కాబట్టి పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన రాసుకోవాలి. ఈ ఒక్క పని చేయక వారాలు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

పేర్లు కూడా ఏరండి: తోటచేను, మామిళ్ల దొడ్డి, చింతలతోపు, బావికాడి చెలక. పాత శాసనాల్లో తోటను "తోంట" అని రాశారు, ఊరి గుడిలో శాసనం ఉంటే దాని పాఠంలో ఆ మాట కోసం చూడండి. పేరును మాత్రం పూర్తిగా నమ్మొద్దు. తోట అనేది ఇంటిపేరు కూడా. "తోటవారి చేను" తోటవాళ్ల చేనే కావచ్చు, తోట ఉన్న చేను కానక్కర్లేదు.

## 5. మొదటి రోజు సాయంత్రం: ఆకాశం నుంచి చూడటం

గూగుల్ ఎర్త్ ప్రోలో పాత తేదీల చిత్రాలు తిప్పి చూడండి. మన పల్లెల్లో చాలాచోట్ల స్పష్టమైన చిత్రాలు 2000 తర్వాతివే దొరుకుతాయి. అంతకు ముందే కొట్టేసిన తోపులకు అసలైన నిధి కరోనా ఉపగ్రహ చిత్రాలు. 1960 నుంచి 1972 వరకు అమెరికా నిఘా కోసం తీసిన ఈ ఫిల్ములను 1995లో బయటపెట్టారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వారి ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో ఉచిత ఖాతా తెరిచి, మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, డీక్లాసిఫైడ్ విభాగంలో వెతకాలి. ఇప్పటికే స్కాన్ చేసినవి ఉచితంగా దిగుతాయి, మిగతావాటికి రుసుము ఉంటుంది.

1967 తర్వాతి కేహెచ్-4బీ కెమెరా చిత్రాలను ఎంచుకోండి. వాటిలో దాదాపు 2 మీటర్ల వస్తువు గుర్తుపట్టవచ్చు. పెద్ద మామిడి గొడుగు 10 మీటర్లకు తక్కువ ఉండదు కాబట్టి ఒక్కో చెట్టు ఒక్కో నల్లచుక్కగా కనిపిస్తుంది. ఫిబ్రవరి నుంచి మే మధ్య తీసినదైతే ఇంకా మేలు. పంట కోసిన నేల తెల్లగా, ఆకు రాల్చని మామిడి నల్లగా ఉంటాయి. వరసలు చూడగానే తెలుస్తాయి.

జాగ్రత్త ఒకటుంది. ఈ ఫిల్ములు అంచుల వైపు సాగి వంకరపోతాయి. చిత్రం మీద దూరాలు కొలిచి నమ్మకండి. చెరువు తూము, గుడి, రోడ్ల కూడలి లాంటి మారని గుర్తులు కనీసం నాలుగు పట్టుకుని ఇప్పటి చిత్రానికి సరిపెట్టాలి. చెరువు నీటి అంచును గుర్తుగా వాడొద్దు, ఏడాదికో చోట ఉంటుంది.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాలు కూడా చూడండి. అందులో ఒక సెంటీమీటరు 500 మీటర్లు కాబట్టి ఎకరం అరెకరం తోపులు గీయకుండా వదిలేసి ఉండొచ్చు. పటంలో లేకపోవడం తోపు లేదనడానికి రుజువు కాదు.

## 6. ఊళ్లో అడిగే తీరు

"ఇక్కడ తోపు ఉండేదా?" అని అడిగితే మర్యాద కోసం అవునంటారు. అలా కాకుండా ఇలా అడగండి:

- ఈ చేనును ఏమని పిలుస్తారు? ఆ పేరు ఎందుకొచ్చింది?
- ఈ బావి నీళ్లు ఏ మడికి పోయేవి? మోట (ఎడ్లతో బావి నీళ్లు తోడే పెద్ద బొక్కెన) ఎవరు తోలేవారు?
- కాపు ఎవరు గుత్తకు పట్టేవారు? వేలం ఎక్కడ వేసేవారు?
- ఏ చెట్టు కాయ ఆవకాయకు, ఏది రసానికి?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విలువైనది. టెంక నాటిన తోపులో ఒక్కో చెట్టుది ఒక్కో రుచి కాబట్టి చెట్టుకో పేరు ఉండేది: పీచుమామిడి, తియ్యమామిడి, కొబ్బరిమామిడి, ఊరగాయ చెట్టు. "అన్నీ ఒకటే రకం, బంగినపల్లి" అంటే అది అంట్లతోట, అంటే కొనుక్కొచ్చిన మొక్కలు. ఈ తేడా తర్వాత కాలం అంచనాలో అక్కరకొస్తుంది.

ఇద్దరు పెద్దవాళ్లను విడివిడిగా అడగండి. అరుగు మీద నలుగురి మధ్య అడిగితే మొదటివారి మాటే మిగతావాళ్లూ అంటారు. మోట తోలినవాళ్లను, కాపలా ఉన్నవాళ్లను, కాయలు ఏరిన ఆడవాళ్లను అడగడం మరవొద్దు. చెట్టు ఎక్కడుందో యజమానికన్నా వాళ్లకే బాగా గుర్తుంటుంది.

## 7. రెండో రోజు ఉదయం: ముందు బావి

పొలంలోకి దిగాక చెట్ల కోసం తిరగకండి. బావి దగ్గర మొదలుపెట్టండి. చెట్టును కొడతారు, వేరును పెకలిస్తారు, బావిని మాత్రం పూడ్చినా దాని రాయి, దాని వాలు నేల మీద ఉండిపోతాయి.

మోటబావికి (రాయలసీమలో కపిల బావి) నాలుగు భాగాలు చూడాలి. ఒడ్డున బావి మీదికి తోసుకొచ్చిన రాతి దిమ్మెలు, వాటికి గిలక దూలం దూర్చే రంధ్రాలు, తాడు రాసుకున్న గాడి. నీళ్లు కుమ్మరించే తొట్టి. తొట్టి నుంచి బయల్దేరే కాలువ. ఎడ్లు నడిచే ఏటవాలు దారి.

ఆ ఏటవాలు దారిని తప్పక కొలవండి. మోటను పైకి లాగుతూ ఎడ్లు పల్లంలోకి నడుస్తాయి. తాడు ఎంత లోతుకు దిగితే ఎడ్లు అంత దూరం నడవాలి కాబట్టి దారి పొడవు ఆనాటి నీటి లోతుకు దాదాపు సమానం. బావి పూర్తిగా పూడిపోయినా 12 మీటర్ల దారి మిగిలితే అప్పట్లో నీరు సుమారు అంత లోతులో ఉండేదని చెప్పొచ్చు. దారి రెండు వైపులా, లేదా పక్కపక్కన రెండు ఉంటే రెండు మోటలు నడిచాయి, అంటే ఎక్కువ నేలకు నీరు పెట్టారు.

తర్వాత తొట్టి అంచు మీద నిలబడండి. నీరు పల్లానికే పోతుంది కాబట్టి తోపు అక్కడి నుంచి దిగువనే ఉండాలి. ఎగువ వైపు వెతకడం వృథా. కాలువ పూడిపోతే మట్టం కర్రతోనో, పారదర్శకమైన పైపులో నీళ్లు పోసో వాలు చూసుకుంటూ నడవండి. సున్నం గచ్చు ముక్కలు, పగిలిన పెంకులు ఒకే గీత మీద దొరుకుతుంటే మీరు కాలువ మీదే ఉన్నట్టు.

బావి దగ్గర కాలక్రమం కూడా పేర్చి ఉంటుంది: మోట దిమ్మెలు, వాటి పక్కన నాలుగు బోల్టులున్న ఆయిలింజను దిమ్మె, తర్వాత కరెంటు మోటారు గది, చివరికి కొంచెం దూరంలో బోరు. వీటిలో ఏవి ఉన్నాయో వరసగా రాసుకోండి, ఫొటో తీయండి. అరచేయి, మోచేయి కలిపిన పొడవుకు వచ్చే పెద్ద పలకల్లాంటి ఇటుకలు బావి గోడలోనో దగ్గర్లోనో కనిపిస్తే అక్కడితో ఆగి రాష్ట్ర పురావస్తు శాఖకు తెలపండి. అది తోపుకన్నా చాలా పాత నివాసపు జాడ కావచ్చు.

## 8. హద్దు తిరగడం

బావి నుంచి బయటికి నడిచి నాలుగు వైపులా హద్దు పట్టుకోండి. పశువులు మొక్కను బతకనివ్వవు కాబట్టి కంచె లేని తోపు అరుదు. మామూలుగా కందకం తీసి, ఆ మట్టిని లోపలివైపు గట్టుగా పోసి, గట్టు మీద ముళ్ల మొక్కలు పెట్టేవారు. దున్ని దున్ని గట్టు జానెడు ఎత్తు ఉబ్బుగా మిగులుతుంది. పొద్దున 8 లోపు, సాయంత్రం 4.30 తర్వాత ఏటవాలు ఎండలో దాని నీడ కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం వందసార్లు తిరిగినా కనపడదు.

కంచె మొక్కలు: గచ్చపొద, కాడజెముడు, కిత్తనార, నాగజెముడు, వాక్కాయ, సీమచింత. ఇవి ఒకే గీతలో, కొనల్లో మలుపు తిరిగి ఉంటే హద్దు. అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే తమంతట తామే మొలిచినవి కావచ్చు. నాగజెముడు లేదని కంచె లేదనుకోకండి. 1920ల చివర్లో కొచినీల్ జాతి పురుగును వదలడంతో దక్షిణాదిన ఆ కంచెలు విస్తారంగా నాశనమయ్యాయి.

సూర్యచంద్రులు, గొడుగు, కమండలం లాంటి గుర్తులు చెక్కిన రాయి హద్దు మీద నిలిచి ఉంటే అది దానభూమి హద్దురాయి కావచ్చు. కదిలించకండి. బొట్టు పెట్టి పూజ చేస్తుంటే చెరిపి శుభ్రం చేసే ప్రయత్నం కూడా వద్దు, ఏటవాలు వెలుతురులో ఫొటో చాలు.

## 9. వరస కొలవడం

మొత్తం పనిలో నిక్కచ్చిగా చేయాల్సింది ఇదే. తొందరపడితే మిగతా శ్రమ అంతా పోతుంది.

మొదట అనుమానం ఉన్న ప్రతి బిందువు దగ్గరా పుల్ల గుచ్చండి: బతికున్న చెట్టు, మొద్దు, గుంత, నల్లమట్టి మచ్చ, పుట్ట. మొద్దు వేర్లు కుళ్లినచోట చెదలు పట్టి పుట్ట లేవడం మామూలే. ఒక్క పుట్ట ఏమీ చెప్పదు. సమదూరంలో నాలుగు పుట్టలు ఉంటే పుల్లలు గుచ్చాల్సిందే.

తర్వాత పొడవైన వరస వెంట తాడు లాగి ఆధారరేఖ వేయండి. దిక్సూచితో దాని దిశ రాసుకోండి. దానికి లంబం తీయడానికి 6-8-10 పద్ధతి వాడండి: ఆధారరేఖ మీద 6 మీటర్లు, అడ్డంగా 8, రెండింటి కొనల మధ్య 10. మొత్తం 24 మీటర్లు, ఒక్క టేపుతోనే అయిపోతుంది.

దూరాన్ని మాను నడిమధ్య నుంచి మాను నడిమధ్యకు తీసుకోవాలి. ఒక్క ఎడం కొలిచి రాయకండి. ఐదు ఎడాలు కలిపి కొలిచి ఐదుతో భాగించండి. మాను పెరుగుతూ పక్కకు జరిగిన తేడా అందులో సర్దుకుంటుంది. మధ్యలో చెట్టు లేకపోయినా లెక్క ఆగదు, 36 మీటర్లకు ఒకటి, 48 మీటర్లకు ఒకటి దొరికితే ఎడం 12 మీటర్లన్నమాట.

పాత తోపుల్లో ఎడం 30 నుంచి 40 అడుగులు ఉంటుంది. చతురస్రంగా నాటితే ఎకరాకు చెట్ల సంఖ్య ఇలా వస్తుంది:

- 30 అడుగులు: సుమారు 48
- 33 అడుగులు: 40
- 36 అడుగులు: సుమారు 34
- 40 అడుగులు: 27

రిజిస్టరులో చెట్ల సంఖ్య ఇచ్చి ఉంటే ఈ లెక్కతో సరిపోల్చండి. రెండూ కలిస్తే మీ చేతిలో బలమైన రుజువు ఉన్నట్టే.

చతురస్రమో కాదో తెలియాలంటే మూల నుంచి మూలకు కొలవండి. 40 అడుగుల చతురస్రంలో ఆ దూరం 56 అడుగుల 7 అంగుళాలు. ఒక దిక్కున చెట్ల ఎడం 40 అడుగులు, వరసల మధ్య దూరం 34 అడుగుల 8 అంగుళాలు వచ్చి, పక్క వరస సగం దూరం జరిగి ఉంటే త్రిభుజాకారపు నాటు. నాలుగు చెట్ల మధ్య ఐదోది ఉంటే అది తర్వాత నాటిన పూరకం కావచ్చు, దాని చుట్టుకొలత విడిగా తీయండి.

ఎడం తెలిశాక తాడుకు అంత దూరానికో ముడి వేసి, చెట్టు లేనిచోట ఎక్కడ ఉండాలో ముందే పుల్ల గుచ్చండి. ఆ తర్వాత అక్కడి నేల చూడండి. ఊహించిన పది చోట్లలో ఆరేడు చోట్ల మచ్చో, గుంతో, మొద్దో కనిపిస్తే వరస నిజం. రెండు మూడే అయితే మళ్లీ మొదటి నుంచి కొలవాలి. వరసను ఇలా పరీక్షించకుండా పటం గీయకండి. మనసు గీత కోరుకుంటే కన్ను ఎక్కడైనా గీత చూస్తుంది.

ఎడాలు కొలవడానికి ఫోన్ జీపీఎస్ పనికిరాదు. ఆరుబయటే నాలుగైదు మీటర్లు తప్పుతుంది, చెట్టు కింద ఇంకా ఎక్కువ. తోపు నాలుగు మూలలు గుర్తించడానికి మాత్రం వాడండి.

## 10. మట్టి చూడటం, తవ్వకుండా

మామిడికి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతున్న గుంత తీసి, చెరువు మట్టి, పశువుల ఎరువు నింపడం రివాజు. ఎర్రచెలకలో ఆ నింపుడు బూడిదరంగు మచ్చలా దశాబ్దాల తర్వాత కూడా తెలుస్తుంది. చూడాల్సిన సమయాలు రెండు. దుక్కి దున్నిన రోజు, మట్టి ఆరకముందు. తొలకరి పడ్డ తర్వాత వారం పది రోజులకు, గుంతల మీద గడ్డి ముందుగా పచ్చబడినప్పుడు. వేరుశనగ, జొన్న చేలల్లో బెట్ట వచ్చినప్పుడు కూడా పాత గుంతల మీది మొక్కలు ఆలస్యంగా వాడతాయి.

నల్లరేగడిలో ఈ పద్ధతి సరిగా పనిచేయదు. ఎండకు పగిలి, వానకు ఉబ్బి ఆ నేల తనను తానే కలుపుకుంటుంది. అక్కడ బావి, హద్దు, ఉపగ్రహ చిత్రాల మీదే ఆధారపడాలి.

దగ్గర్లో ఇతరులు తీసిన నీటిగుంతో, కాలువో ఉంటే దాని గోడ చూడండి. నిలువుగా తెగిన మట్టిలో గుంత ఆకారం, బొగ్గు, కుళ్లిన వేరు రంధ్రం కనిపించవచ్చు. మీరు కొత్తగా కోయకండి. జేసీబీతో పెకలించిన గుంత పాత గుంతకన్నా రెండు మూడింతలు వెడల్పుగా, వంకరటింకరగా ఉంటుంది. దాని నడిమధ్యను చెట్టు స్థానంగా తీసుకుంటే అర మీటరు పైగా తప్పుతుంది.

## 11. మిగిలిన చెట్లు

చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున తీయండి. అంతకన్నా కింద చీలితే చీలిక దిగువన సన్నగా ఉన్నచోట కొలిచి, ఎత్తు కూడా రాయండి. వాలులో నిలబడ్డ చెట్టుకు ఎగువ వైపు నేల నుంచి లెక్క.

టెంక చెట్టా, అంటు చెట్టా చూడండి. టెంక చెట్టు మాను నిటారుగా ఎత్తుకు పోయి కొమ్మలేస్తుంది. అంటుది తక్కువ ఎత్తులో గొడుగు పడుతుంది, మొదట్లో బెరడు తేడాగానీ ఉబ్బుగానీ ఉంటుంది. కాపు కాలమైతే పక్కపక్క చెట్ల కాయలు పోల్చండి.

సీతాఫలం గుట్టల మీద తనంతట తాను పెరుగుతుంది, దాన్ని తోట గుర్తుగా లెక్కించకండి. బదనిక (కొమ్మల మీద పెరిగే పరాన్న మొక్క) పట్టిన చెట్టు ముసలిది కానక్కర్లేదు, పట్టించుకోనిది అంతే.

## 12. కాలం అంచనా

సంవత్సరం చెప్పడానికి తొందరపడకండి. చుట్టుకొలత నుంచి వయసు చెప్పలేం. బావి పక్కన నీరు తాగిన చెట్టు, మెట్టలో ఎండిన చెట్టు ఒకే ఏడు నాటినవైనా రెండింతల తేడా ఉండొచ్చు. మామిడిలో టేకులా వలయాలు స్పష్టంగా ఉండవు, ముసలి మాను లోపల బోలు కూడా. చుట్టుకొలతలు ఒకదానికొకటి పోల్చడానికే: దగ్గర దగ్గరగా ఉంటే ఒకే విడత నాటు, రెండు గుంపులుగా విడిపోతే రెండు విడతలు.

నమ్మదగినవి "ఇంతకు ముందు", "ఇంతకు తర్వాత" అనే హద్దులు. 1970 చిత్రంలో పెద్ద గొడుగులు ఉంటే తోపు దానికి కొన్ని దశాబ్దాల ముందుదే. జామ, సపోటా, జీడిమామిడి, కిత్తనార, నాగజెముడు అమెరికా ఖండం నుంచి వచ్చినవి, పోర్చుగీసువారి రాకకు ముందు ఇక్కడ లేవు. ఎడం కచ్చితంగా 12 మీటర్లయితే మెట్రిక్ కొలతలు వచ్చాక, అంటే 1960ల తర్వాత నాటి ఉండొచ్చు. 40 అడుగులంటే 12.19 మీటర్లు, ఐదు ఎడాలకు దాదాపు ఒక మీటరు తేడా వస్తుంది కాబట్టి విడదీయగలం. 33 అడుగులకు, 10 మీటర్లకు మాత్రం తేడా ఆరు సెంటీమీటర్లే. దాన్ని బట్టి ఏమీ చెప్పకండి.

## 13. తరచూ జరిగే తప్పులు

సర్కారు తోటలను పాత తోపు అనుకోవడం. సుబాబుల్, నీలగిరి మొద్దులు 2, 3 మీటర్ల ఎడంతో ఉంటాయి. ఎడం చూడగానే తెలిసిపోతుంది.

తాటి వరసలు. చేను గట్ల మీద తాటిచెట్లు గీతలా ఉంటాయి. ఒక్క గీతే ఉంటే హద్దు. రెండు దిక్కులా గళ్లు పడితేనే తోపు.

బతికిన చెట్లనే కొలవడం. మిగిలినవి సాధారణంగా అంచుల్లో, బావి దగ్గర ఉంటాయి. వాటితో గీస్తే తోపు చిన్నదవుతుంది. హద్దు తిరిగిన తర్వాతే విస్తీర్ణం రాయండి.

ఫొటోలో కొలత కర్ర, దిక్కు లేకపోవడం. ఇంటికొచ్చాక ఏ గుంత ఏదో తెలియదు. ప్రతి పుల్లకు నంబరు రాసి, నంబరు కనిపించేలా తీయండి.

సాక్ష్యాన్నీ ఊహనూ ఒకే గీతతో గీయడం. దొరికిన బిందువుకు నిండు చుక్క, ఊహించినదానికి ఖాళీ వలయం. ఈ తేడా లేని పటం ఎవరికీ ఉపయోగపడదు.

## 14. మూడో రోజు: నమోదు పత్రం

తోపుకు ఒక పత్రం, 1:500 కొలతలో ఒక పటం. అందులో 2 సెంటీమీటర్లు 10 మీటర్లు, రెండెకరాల తోపు ఏ4 కాగితం మీద సరిపోతుంది.

- ఊరు, మండలం, పాత, కొత్త సర్వే నంబర్లు, చేను పేరు
- నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు
- నేల రకం, వాలు దిక్కు
- బావి: ఆకారం, కొలతలు, ఏటవాలు దారి పొడవు, కాలక్రమం
- హద్దు: గట్టు, కందకం, మొక్కల పేర్లు
- ఎడం, నాటిన పద్ధతి, ఆధారరేఖ దిశ, కొలిచిన ఎడాల సంఖ్య
- చెట్ల పట్టిక: నంబరు, రకం, చుట్టుకొలత, టెంకా అంటా, ఊరిలో పేరు
- కాగితం ఆధారాలు, చిత్రాల తేదీలు
- చెప్పినవారు అనుమతిస్తేనే పేరు, లేకపోతే వయసు, పని మాత్రం
- తీర్పు: ఖాయం, బలమైన అనుమానం, పేరు మాత్రమే

పత్రం ఒక ప్రతి రైతుకు, ఒకటి పంచాయతీకి ఇవ్వండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. చెట్ల పట్టిక అందులో చేర్చమని అడగండి. బహిరంగంగా పెట్టేటప్పుడు బావి, హద్దురాళ్ల కచ్చితమైన స్థానాలు తీసేసి ఊరి పేరు వరకే ఉంచండి.

టెంక చెట్లలో మంచి కాయ ఇచ్చే ముసలిది ఒక్కటైనా మిగిలితే దాన్ని టెంకతో నిలబెట్టలేం, మొక్క తల్లిలా రాదు. సంగారెడ్డి, నూజివీడుల్లోని మామిడి పరిశోధన స్థానాలను సంప్రదించి, తోపు యజమాని ఒప్పుకుంటే, ఆ చెట్టు కొమ్మ పుల్ల తీసి అంటు కట్టించండి. ముసలి చెట్టు ఒక గాలివానకు పడిపోతుంది కాబట్టి ఈ పనిని వచ్చే ఏడాదికి వాయిదా వేయొద్దు.

తొలకరి తర్వాత వారానికి అదే పుల్లల స్థానాలకు ఒకసారి వెళ్లి, ఖాళీ వలయాలు గీసిన చోట గడ్డి చూసి పటం సరిదిద్దండి. పుల్లలు, గుడ్డపీలికలు అన్నీ లెక్కపెట్టి తీసేయండి, దుక్కికి అడ్డం రాకూడదు.